నాలుగు ట్యూబుల ఏలియా

ఏలియా అన్నకు ఏ వస్తువు చేతికొచ్చినా ముందు భయం వేస్తుంది. తర్వాత దాన్ని నాలుగు భాగాలు చేస్తాడు. ఆ నాలుగింటినీ నాలుగు చోట్ల దాస్తాడు. అప్పుడాయనకు నాలుగు భయాలు వేస్తాయి.

రాయ్‌పూర్‌లో ఆయన్ని ఎరిగిన తెలుగువాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. వాళ్ల చర్చిలో ఒక ఏడాది పొరపాటున ఆయన్ని క్రిస్మస్ కమిటీలో వేశారు. కేకు చేయించి తెచ్చాక ఆయన దాన్ని నాలుగు ముక్కలు చేసి, నాలుగు ఇళ్లలో పెట్టించాడు. పండగనాడు మూడు ముక్కలే వచ్చాయి. నాలుగో ఇంటివాళ్లు తినేశారు.

"చూశారా? మొత్తం ఒకచోటే పెట్టుంటే ఏమయ్యేది?" అన్నాడు ఏలియా అన్న, గెలిచినవాడిలా.

"మీ ఇంట్లోనే పెట్టుంటే మొత్తం ఉండేది కదా బ్రదర్," అన్నారు పాస్టరు గారు.

"మా ఇంట్లోనా? గడబడ అయితే?"

ఈ "గడబడ అయితే?" అన్నది ఆయన ఊపిరి. వాళ్ల నాన్న బాపట్ల నుంచి రైల్వే ఫిట్టరుగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. కాబట్టి ఏలియా అన్న తెలుగులో సగం బాపట్ల, సగం రాయ్‌పూర్ బజారు. భయపడేటప్పుడు మాత్రం ఎప్పుడూ బజారే.

అన్నింటికంటే గొప్పది విశాఖ ప్రయాణం. భార్య సారమ్మ, కూతురు శిల్ప, కొడుకు బెన్నీ, తాను. నలుగురికీ నాలుగు పెట్టెల్లో టిక్కెట్లు తీశాడు. సారమ్మ వదిన ప్లాట్‌ఫాం మీదే నిలదీసింది.

"ఏందయ్యా ఇది? మేం మనుషులమా, నీ ల్యాబులో శాంపిళ్లమా?"

"అది కాదు సారా. అందరం ఒకే పెట్టెలో ఉండి, ఆ పెట్టెకే గడబడ అయితే?"

బండి ఆగిన ప్రతి స్టేషన్లోనూ దిగి, పెట్టె పెట్టెకూ పరుగెత్తి, కిటికీలోంచి కుటుంబాన్ని లెక్కపెట్టుకున్నాడు. టిట్లాగఢ్‌లో బెన్నీ బాత్రూంలో ఉన్నాడు. బెన్నీ బయటికి వచ్చేదాకా ఈయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. బెన్నీ వచ్చాడు. బండి వెళ్లిపోయింది. ఏలియా అన్న ప్లాట్‌ఫాం మీద మిగిలాడు. మర్నాడు విశాఖ చేరి మొదట అన్న మాట ఇది: "చూశావా, ముగ్గురైనా క్షేమంగా చేరారు!"

"ఒకే పెట్టెలో ఉంటే నలుగురం చేరేవాళ్లం!" అంది సారమ్మ వదిన. ఆ సెలవుల్లో ఆయనతో ఆవిడ మాట్లాడిన మాట అదొక్కటే.

ఇంట్లో గోంగూర పచ్చడి కూడా ఇంతే. బాపట్ల నుంచి పెద్ద జాడీ వస్తే, చిటికెనవేలంత ప్లాస్టిక్ ట్యూబుల్లోకి ఎక్కిస్తాడు. ప్రతి ట్యూబు మీదా తేదీ, నంబరు. భోజనానికి ఒక ట్యూబు తీస్తాడు. రెండోసారి వడ్డించమంటే కొత్త ట్యూబు. మిగిలింది మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టడం మహాపాపం.

"ఒకసారి బయటికి తీసింది మళ్లీ లోపలికి పోకూడదు చెల్లెమ్మా," అనేవాడు నాతో.

"పచ్చడికి ఏమవుతుందన్నా?"

"పచ్చడికి ఏమీ అవదు. అలవాటుకు అవుతుంది."

ఆయన ఉద్యోగం ఆ అలవాటును అడుగుతుంది మరి. ఏలియా అన్న ఒక పరిశోధన సంస్థలో ల్యాబ్ టెక్నీషియన్. అక్కడ చేసేది ప్రోటియోమిక్స్. అంటే రక్తంలో, కణాల్లో ఉండే వేలాది ప్రోటీన్లను ఒకేసారి గుర్తుపట్టి, ఆరోగ్యంగా ఉన్నప్పుడు అవెలా ఉంటాయో, జబ్బు మొదలవుతుంటే ఎలా మారతాయో చూసే పని. నాకు మొదటిసారి చెప్పినప్పుడు ఆయన టీ గ్లాసు పట్టుకుని ఇలా అన్నాడు:

"జీన్లు ఉన్నాయే, అవి శుభలేఖలాంటివి చెల్లెమ్మా. పెళ్లికి ఎవరెవర్ని పిలిచామో అందులో ఉంటుంది. ప్రోటీన్లేమో పెళ్లికి నిజంగా వచ్చిన జనం. ఎవడొచ్చాడు, ఎవడు రాలేదు, ఎవడు రెండుసార్లు తిన్నాడు, ఎవడు వియ్యంకుడితో తగాదా పెట్టుకున్నాడు... అదంతా శుభలేఖలో ఉండదు. పందిట్లోకెళ్లి చూడాలి. మేం చూసేది పందిరి."

"మరి భయమెందుకు?"

"ఆ జనం మహా సుకుమారులు. ఎండ తగిలితే విరిగిపోతారు. గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తే మనిషే మారిపోతాడు. అందుకే రక్తం రాగానే నాలుగు చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో పెట్టాలి. ఒకటి వాడితే మూడు కదలకుండా ఉంటాయి."

ఆ ఫ్రీజర్‌ని ఆయన 'పెద్దాయన' అనేవాడు. గంటకోసారి వెళ్లి తలుపు మీద చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసేవాడు. ఇంట్లో కుక్కర్ కూత పెట్టినా పెద్దాయన అలారమేమోనని లేచి నిలబడేవాడు.

మామూలుగా అందరూ ఆ నాలుగు ట్యూబులూ ఒకే ఫ్రీజర్‌లో పెడతారు. ఏలియా అన్న నాలుగు ఫ్రీజర్లలో పెట్టేవాడు. ఒకటి పెద్దాయనలో. రెండోది పక్క బిల్డింగులో. మూడోది సారమ్మ వదిన నర్సుగా పనిచేసే ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో, డాక్టరు చేత కాగితం రాయించుకుని. నాలుగోది భిలాయ్‌లో ఒక స్నేహితుడి ల్యాబులో. ల్యాబు పెద్ద డాక్టర్ హేమంత్ గారికి ఇది తలనొప్పి.

"ఏలియా, ఊరంతా మన ట్యూబులేనా? ఇకనుంచి బంద్. అన్నీ ఇక్కడే."

"సరే సార్," అనేవాడు ఏలియా అన్న. ఆయన 'సరే సార్' అన్నాడంటే మార్చబోడని అర్థం.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది 2018లో. నా పేరు పూర్ణిమ. రాయ్‌పూర్ పక్కనున్న ఉర్లా ఫ్యాక్టరీల్లో కూలీల ఆరోగ్యం గురించి అరుస్తూ తిరగడం నా పని. అక్కడ ఒక యూనిట్లో తెల్లరాయిని పిండిలా నూరేవారు. అందులో పనిచేసేవాళ్లు సాయంత్రం బయటికొస్తే మైదా బస్తాలోంచి లేచొచ్చినట్టుండేవారు. నలభై ఏళ్లకు దగ్గు, నలభై అయిదుకు మంచం. ఫ్యాక్టరీ డాక్టరుది ఎప్పుడూ ఒకటే మాట: "బీడీలు తాగుతారు." బీడీ ముట్టని వాళ్లకూ అదే మాట. మన దేశంలో కూలీవాడి ఊపిరితిత్తి ఎక్స్-రేలో తెల్లబడి, వాడు కట్టెలు ఎక్కేదాకా ఎవరికీ రుజువు దొరకదు. రక్తంలోని ప్రోటీన్లు ఇంకా ముందే ఏమైనా చెప్తాయేమో చూద్దామని హేమంత్ గారు ఒప్పుకున్నారు. ఉర్లా కూలీలు అరవై నాలుగు మంది, దుమ్ము పని చేయని అభన్‌పూర్ రైతులు అరవై నాలుగు మంది. ఈ రెండు పందిళ్లనూ పోల్చాలి. రిపోర్టులో తేడా కనిపిస్తే బయటి డాక్టర్ల చేత కూలీలందరికీ తనిఖీ చేయిస్తానని కార్మిక శాఖ అధికారి ఒకడు నలుగురి ముందు మాటిచ్చాడు. మా ఆశంతా ఆ ఒక్క మాట మీదే.

మార్చిలో రక్తం తీయడానికి కూలీల బస్తీలో గుడారం వేశాం. పది నిమిషాల్లో కాంట్రాక్టరు మనిషి మోటారు సైకిల్ మీద వచ్చాడు. బండి దిగలేదు. మాట్లాడలేదు. ఫోను పైకెత్తి లైన్లో నిలబడ్డవాళ్లని ఒక్కొక్కర్నే ఫోటో తీశాడు. అంతే, లైన్లో మాటలు ఆగిపోయాయి. తువ్వాళ్లు మొహాల మీదికి వచ్చాయి. వెనకనుంచి ఇద్దరు జారుకున్నారు. ఉద్యమాలు చేసేదాన్ని, నాకే భయం వేసింది. ముందు వారమే ఎవరో నాకు ఫోను చేసి, మా ఇంటి గేటు రంగు చెప్పి పెట్టేశారు.

ఏలియా అన్న వైపు చూశాను. చెట్టు కొమ్మ మీది చివరి ఆకులా వణుకుతున్నాడు.

"అన్నా, మీకు భయమైతే వెళ్లిపోదాం."

"భయం ఉంది. వెళ్తే ఇంకా భయం," అని లేచి, గుడారం పరదాను నాలుగు చోట్ల పిన్నులు పెట్టి మూసేశాడు. "నామ్ నహీఁ లిఖేంగే, సిర్ఫ్ నంబర్," అని, పేర్లు రాయం, నంబర్లేనని లైనుకు చెప్పాడు. తర్వాత నా చెవిలో అన్నాడు: "పేర్ల కాగితం నీ దగ్గర. నంబర్ల కాగితం నా దగ్గర. ఇద్దర్నీ ఒకేసారి పట్టుకోరుగా?"

"పట్టుకుంటే?"

"అట్టా అనబాకు చెల్లెమ్మా, బాత్రూం ఎక్కడుంది ఇక్కడ?"

కానీ ఒక వింత చూశాను. సూది చేతిలోకి రాగానే ఆ వణుకు ఆగిపోయేది. ఒక్క పోటు, ఒక్క క్షణం. గుచ్చినట్టు తెలిసేది కాదు. సూది పక్కన పెట్టగానే మళ్లీ వణుకు.

నలభై ఒకటో నంబరు దగ్గర ఆగాం. అతని పేరు పరదేశి. ఆ రాళ్ల మిల్లులో పద్నాలుగేళ్లు. భారీ మనిషి. కాంట్రాక్టరు మనిషి ఫోటో తీస్తుంటే కెమెరాలోకి సూటిగా చూసిన మొనగాడు. అలాంటివాడు సూది చూసి బల్ల కిందికి దూరాడు. నిజంగానే దూరాడు. అతనిది ఛత్తీస్‌గఢీ. నేను తెలుగులో చెప్తున్నాను.

"పులి ముందైనా కూర్చుంటాను సాబ్. సూజీ మాత్రం వద్దు!"

ఏలియా అన్న కూడా బల్ల కిందికి వంగాడు. భయస్తుడికి భయస్తుడి భాష తెలుసు.

"ఒక్కసారే భయ్యా. మళ్లీ అడగను."

"ఒట్టు వెయ్యి."

"మా మతంలో ఒట్లు వెయ్యకూడదు. అందుకే ఉత్త మాట నిలబెట్టుకోవాలి."

పరదేశి ఆలోచించి బయటికి వచ్చాడు. చెయ్యి చాపాడు. కళ్లు మూసుకున్నాడు. ట్యూబు సగం నిండేసరికి ఒక కన్ను తెరిచాడు. అంతే. సూది ఊడి, మనిషి గుడారం అవతల ఉన్నాడు. సగం ట్యూబు రక్తమే మిగిలింది. అందరివీ నాలుగేసి ట్యూబులైతే, నలభై ఒకటిది రెండే అయ్యాయి.

ఏప్రిల్‌లో రాయి నూరే సెక్షన్ మూసేశారు. మరమ్మతులన్నారు. కూలీలు చెదిరిపోయారు. కొందరు ఇటుక బట్టీలకు, కొందరు ఏ రాష్ట్రానికో. పరదేశి తిల్దాలో బియ్యం మిల్లుకు పోయాడు. ఇక మా చేతిలో ఉన్నదల్లా ఆ ట్యూబులే.

మే నెల. నలభై అయిదు డిగ్రీలు. సోమవారం పొద్దున్నే ఏలియా అన్న ఫోను. పరుగెత్తి వచ్చినవాడిలా రొప్పుతున్నాడు.

"అన్నా? ఏమైంది?"

"పెద్దాయన పోయాడు."

నేను వెళ్లేసరికి ల్యాబు నేల మీద నీళ్లు. ఆదివారం కరెంటు పోయింది. జనరేటర్లో డీజిల్ లేదు. అలారం గోల పెడుతోందని ఎవరో అంతకుముందే దాని బ్యాటరీ పీకేశారు. ఎవరన్నది విచారణలో తేలాలి. ఆ విచారణ ఇంకా నడుస్తోంది. అదే కరెంటు లైను మీద ఉన్న పక్క బిల్డింగు ఫ్రీజర్ కూడా పోయింది. ఆ రెండింట్లోని ట్యూబులన్నీ వేడి టీలంత కాకపోయినా, చల్లారిన టీలంత అయ్యాయి.

హేమంత్ గారు తల పట్టుకున్నారు. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. అరవై నాలుగు మంది మనుషులు, ఉద్యోగం పోతుందని తెలిసీ ఇచ్చిన రక్తం. వాళ్లనిప్పుడు ఎక్కడని వెతకను? ఫోటోలు తీసినవాడు ఎంత సంతోషిస్తాడు? ఆ ఎండలో నాకు చలి పుట్టింది.

"ఏలియా ఎక్కడ?" అన్నారు హేమంత్ గారు.

ఏలియా అన్న లేడు. స్కూటరూ లేదు. థర్మోకోల్ పెట్టె కూడా లేదు. మూడు గంటలసేపు చూసినా రాలేదు. పాపిష్టి మనసు, ఆయన్ని ఎవరైనా కొన్నారేమో అని కూడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం పెట్టె కౌగిలించుకుని వచ్చాడు. మూత తీస్తే తెల్లటి పొగ. లోపల రాళ్లలా గడ్డకట్టిన ట్యూబులు.

"బ్లడ్ బ్యాంకువి సార్. అభన్‌పూర్‌వి, ఉర్లావి, అన్నీ."

"నేను బంద్ చేయమన్నాను కదయ్యా!"

"సరే సార్ అన్నాను కదండీ."

హేమంత్ గారు ఆయన్ని కౌగిలించుకోబోయి, పెట్టె అడ్డొచ్చి ఆగిపోయారు. "భిలాయ్‌వి కూడా తెచ్చేయ్ వెంటనే!"

ఏలియా అన్న అడుగు వెనక్కి వేశాడు. "రెండూ ఒకచోటా? గడబడ అయితే?"

లెక్క చూశారు. ఉర్లా వరుసలో అరవై మూడు. నలభై ఒకటి లేదు. దానికున్న రెండు ట్యూబులూ కరిగిపోయిన రెండు ఫ్రీజర్లలోవే.

"ఒకటే కదా పోయింది," అన్నాను.

"ఆ ఒకటే కావాలి," అన్నారు హేమంత్ గారు. "మిగతావాళ్లంతా నాలుగైదేళ్ల సర్వీసు. పద్నాలుగేళ్లు దుమ్ము పీల్చినవాడు ఇతనొక్కడే. ఇతనికంటే పాతవాళ్లు..." అని ఆగారు. ఇతనికంటే పాతవాళ్లు రక్తమివ్వడానికి మిగల్లేదు. "తిల్దా ఎంత దూరం? వెళ్లి మళ్లీ తీసుకురా ఏలియా. తర్వాత తీసిందని రిపోర్టులో రాద్దాం."

ఏలియా అన్న మొహం పాలిపోయింది.

"నేను గుచ్చను సార్."

"ఏంటి?"

"గుచ్చను! ఒక్కసారే అని చెప్పాను. ఉద్యోగం తీసేసినా సరే గుచ్చను!"

ఆ కేకకు అందరికంటే ఎక్కువ భయపడింది ఆయనే. అరిచి, చెంగున వెళ్లి బల్ల వెనక నిలబడ్డాడు.

నేను వదల్లేదు. ఆయన ఇంటికెళ్లాను. సారమ్మ వదిన అన్నం పెట్టి, నా ముందొక గోంగూర ట్యూబు పెట్టింది. ఏలియా అన్న లోపల గదిలో ఉన్నాడు.

"వదినా, ఆ యూనిట్లో రెండు వందల మంది కూలీల తనిఖీ ఆగిపోతుంది. ఒక్క సూది పోటు! ఇంత మొండితనమేంటి?"

సారమ్మ వదిన గొంతు తగ్గించింది. "నీకు జోగయ్య సంగతి చెప్పలేదా ఈయన?"

తొమ్మిదేళ్ల క్రితం, వేరే ల్యాబులో కొత్తగా చేరిన రోజులట. జోగయ్య అని రిటైరైన రైల్వే గ్యాంగ్‌మన్. కిడ్నీ జబ్బు. పరిశోధనకు రక్తం ఇచ్చాడు. అక్కడా ఫ్రీజర్ పోయింది. ట్యూబులన్నీ ఒకేచోట. మళ్లీ తీసుకురమ్మని ఈయన్ని పంపారు. ముసలాయన నరాలు దారాల్లా ఉన్నాయి. ఆరుసార్లు గుచ్చితే గానీ రాలేదు. ఆయన ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. "కానీ బాబూ, నీ కొత్త ఉద్యోగం పోకూడదు" అంటూ చెయ్యి మార్చి మార్చి ఇచ్చాడట.

"ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు," అంది వదిన. "మూడో రోజు లేచి, పచ్చడి జాడీ ముందేసుకుని ట్యూబుల్లో పొయ్యడం మొదలెట్టాడు. చెయ్యి అలవాటు పడాలంట. నేను పిచ్చెక్కిందనుకున్నా. ఫ్రీజర్ పోతుందని కాదమ్మా ఈయన భయం. ఇచ్చినోణ్ణి మళ్లీ చెయ్యి చాపమనాల్సొస్తుందని."

నేను తలొంచుకుని అన్నం తిన్నాను. కొత్త ట్యూబు అడగడానికి ధైర్యం చాల్లేదు.

ఏలియా అన్న గదిలోంచి వచ్చాడు. "తిల్దా పోతున్నా."

"గుచ్చడానికా?"

"చెప్పడానికి. ఆయన ఇచ్చింది నా చేతుల్లో పాడయింది. చెప్పాలిగా. నువ్వు రా. కానీ ఒక షరతు. నువ్వు అడగకూడదు. కళ్లతో కూడా అడగకూడదు."

నాది అడిగే నోరు. ఊరేగింపుల్లో అరిచి అరిచి, జనం మంచికోసమే కదా అని ఎవర్నైనా ఏమైనా అడిగేయడం నాకు అలవాటైపోయింది. అయినా సరేనన్నాను. గుమ్మం దగ్గర సారమ్మ వదిన నా సంచిలో ఏదో పెట్టింది.

"సూదులు. ట్యూబులు. ఐస్ ఫ్లాస్కు. ఆయనకి చెప్పబాకు. నువ్వు అడగొద్దు. ఆ మనిషే ఇస్తానంటే మాత్రం మన దగ్గర ఉండాలిగా?"

లోపల చూశాను. "ఒక్క మనిషికి నాలుగు సెట్లా వదినా?"

"గడబడ అయితే?" అంది వదిన. అని, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి నోరు మూసుకుంది.

బిలాస్‌పూర్ లోకల్లో ఏలియా అన్న ముందు పెట్టెలో, నేను వెనక పెట్టెలో. చెప్పాలా?

తిల్దా మిల్లు ముందు ఊక కుప్పలు. పరదేశి బస్తా మోస్తున్నాడు. రెండు నెలల్లో సగమయ్యాడు. నాలుగడుగులకోసారి ఆగి దగ్గుతున్నాడు. ఏలియా అన్నని చూశాడు. బస్తా దించి, దాని వెనక నక్కాడు.

"సూజీ?"

"లేదు లేదు! ఖాళీ చేతులు, చూడు!" ఏలియా అన్న రెండు చేతులూ పైకెత్తాడు. పోలీసులు పట్టుకున్న దొంగలా ఉన్నాడు. గుమాస్తా ఒకడు వసారాలోంచి మమ్మల్నే చూస్తూ ఫోను తీశాడు. మళ్లీ ఫోటోనా! ఇక్కడి పని కూడా పోగొడుతున్నామా ఇతనికి? ఏలియా అన్న కూడా ఆ ఫోను చూశాడు. అయినా కదల్లేదు. వణుకుతూనే చెప్పాడు. ఫ్రీజర్ పోయిందని, రక్తం పాడయిందని. "తప్పు నాది. నీ రక్తం నాలుగు చోట్ల పెట్టలేకపోయాను. రెండే చోట్ల పెట్టాను. మాఫ్ కర్నా భయ్యా."

పరదేశి బస్తా వెనకనుంచి లేచాడు.

"అది చెప్పడానికి రైలెక్కి వచ్చావా?"

"ఆఁ."

"మళ్లీ తీసుకోవా?"

"తీసుకోను. ఒక్కసారే అన్నాను కదా."

పరదేశి చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"సాబ్, ఆ రోజు ట్యూబు నిండలేదు కదా. సగంలో పారిపోయాను. అంటే నేనిచ్చింది సగంసారి. నీ 'ఒక్కసారి' ఇంకా పూర్తవలేదు. నాదింకా సగం బాకీ." అని, అటూ ఇటూ చూసి, భయంభయంగా చెయ్యి చాపాడు. "కానీ సూజీ తేలేదన్నావుగా?" ఆ గొంతులో కాస్త ఆశ కూడా వినిపించింది.

నేను మెల్లగా సంచి తెరిచాను. ఏలియా అన్న అందులోకి చూశాడు. నాలుగు సెట్లు. నా వైపు చూశాడు.

"నేను అడగలేదన్నా. కళ్లతో కూడా అడగలేదు. వదిన పెట్టింది."

"నాలుగా?" అన్నాడు. ఆ మొహంలో వెలిగిన గర్వం నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

గుమాస్తా ఫోను పట్టుకుని దగ్గరికొచ్చాడు. నేను గొంతు సవరించుకుని గొడవకు సిద్ధమయ్యాను. అతను చేతులు నలుపుకుంటూ అడిగాడు: "ఆప్ లోగ్ డాక్టర్ హైఁ క్యా? నాకూ దగ్గు వస్తోంది. ఇందాకట్నుంచి మా ఆవిడకి ఫోను చేస్తున్నా, పాత చీటీలు తెమ్మని."

పరదేశి వసారాలో కూర్చున్నాడు. ఈసారి రెండు కళ్లూ ఏలియా అన్న తన అరచేత్తో మూశాడు. ఆ చేతికి వణుకు లేదు. రెండు ట్యూబులూ అంచుదాకా నిండాయి.

"అయిందా? ఎప్పుడు గుచ్చావు?" అన్నాడు పరదేశి.

రిపోర్టు జులైలో వచ్చింది. దుమ్ము పందిట్లో జనం వేరు, పొలం పందిట్లో జనం వేరు అని తేలింది. నలభై ఒకటో నంబరు దగ్గర తేడా అందరికంటే కొట్టొచ్చినట్టుంది. ఇది మొదటి మెట్టేనని, ఇంకా చూడాలని హేమంత్ గారు జాగ్రత్తగా రాశారు. ఆ జాగ్రత్త నాకు నచ్చలేదు గానీ, అధికారి మాట తప్పలేకపోయాడు. ఆగస్టులో బయటి డాక్టర్లు వచ్చారు. తిల్దా నుంచి పరదేశి కూడా వచ్చి లైన్లో మొదట నిలబడ్డాడు. డాక్టరు చేతిలో సూది చూసి, "ఏలియా సాబ్‌ని పిలవండి" అన్నాడు. పిలిచేదాకా బల్ల కింద కూర్చున్నాడు.

నాకు మాత్రం ఆ రోజు తిల్దా నుంచి తిరిగొచ్చిన బండే గుర్తు. రెండు ట్యూబులు, రెండు ఐస్ ఫ్లాస్కులు. ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా ఒళ్లో. ఆయన నోరు తెరవకముందే నేనే వెళ్లి వెనక పెట్టెలో ఎక్కాను. సిల్యారీలో బండి ఆగింది. ముందు పెట్టె కిటికీలోంచి ఏలియా అన్న తల బయటికి వచ్చింది. నా వైపు ఒక వేలు చూపించాడు. ఒకటి, ఉందా? నేను ఫ్లాస్కు పైకెత్తి చూపించాను. ఉంది. మాంఢర్‌లో మళ్లీ తల. మళ్లీ వేలు.

ఉర్కురా స్టేషన్లో తల రాలేదు. ఫ్లాస్కు పట్టుకుని దిగి, ముందు పెట్టె కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఏలియా అన్న ఫ్లాస్కును గుండెకు ఆనించుకుని హాయిగా నిద్రపోతున్నాడు. ఆయన్ని అంత నిర్భయంగా నేనెప్పుడూ చూడలేదు. చూస్తూ నిలబడిపోయాను.

బండి వెళ్లిపోయింది.